అక్షరముల వేషములు

శుభలేఖ చేతికి వచ్చినప్పుడు మనము మొదట చూచునది అందలి యక్షరముల సొంపు. వధూవరుల పేర్లు చదువుట తరువాతి మాట. అంగడిమీది బోర్డు, నాటకపు గోడపత్రిక, చలనచిత్రపు పేరు, మందుసీసాకు అంటించిన కాగితము, ఇవన్నియు మనతో మాటలాడుటకు ముందే తమ యక్షరముల రూపముచేత ఏదో యొక సైగ చేయుచున్నవి. ఒకటి 'నేను పురాతనుడను' అనును. ఒకటి 'నేను నవనాగరికుడను' అనును. మఱియొకటి 'నేను ఫలాని దేశమువాడను' అనును. మనమా సైగను నమ్ముదుము. కట్టును బొట్టును చూచి మనుష్యుని కులమును, దేశమును, యోగ్యతను నిర్ణయించు దురభ్యాసము మన సంఘములో నెంత లోతుగా వేళ్లు పాఱినదో మేము వేఱుగ చెప్పనక్కఱలేదు. అక్షరముల కట్టును చూచియు మనము అట్టి నిర్ణయములే చేయుచున్నామని మాత్రము మనలో ననేకులు గమనించియుండరు. ఆ కట్టు కుట్టినవా రెవరు? ఎవరి యొంటిమీది గుడ్డను చూచి కుట్టిరి? ఈ ప్రశ్నలకు చరిత్ర యేమి చెప్పునో యీ వ్యాసమున విచారింపదలచితిమి.

అచ్చక్షరములు రెండు తెఱగులు. పుస్తకములలో పుటలకొలది నిండియుండునవి మొదటివి. ఇవి వంటలోని యుప్పువంటివి. సరిపోయినంతకాలము వానిని తలంచువారే యుండరు, ఎక్కువతక్కువలైనపుడే నోటికి తగులును. దారిని పోవువానిని నిలిపి మాటలాడించునవి రెండవవి. వీనికి దూరమునుండి కనబడుట, నలువురిలో తానొక్కటియై నిలుచుట, చెప్పెడి సంగతికి తగిన భావమును చూడగనే పుట్టించుట ముఖ్యములు. వీనిని ప్రదర్శనాక్షరములని పిలుతము. నగలును వేషములును వీనికే గాని మొదటివానికి కావు.

ఈ రెండవ తెగ మిక్కిలి యీవలిది. 1450 ప్రాంతమున జర్మనీలో గూటెన్‌బర్గు ముద్రణ నారంభించిన పిమ్మట సుమారు మూడున్నర శతాబ్దములవఱకు ముద్రాపకులకు పుస్తకాక్షరములే చాలియుండెను. ప్రకటన వేయవలసివచ్చినచో అవే రూపములను పెద్దవిగ పోతపోసి వాడుకొనుచుండిరి. పందొమ్మిదవ శతాబ్దారంభమున లండను నగరపు గోడలు ఈ స్థితిని మార్చివైచినవి. ప్రభుత్వపు లాటరీలు, నాటకశాలలు, బండి సర్వీసులు, వేలములు, మందులు అన్నియు ఒకే గోడమీద చోటునకు పెనగులాడుచుండెను. సంతలో పదిమంది యొక్కసారి కేకలు వేయునపుడు పదునొకండవవాడు గొంతు హెచ్చింపక తప్పదు. రాబర్టు థోరన్ మొదలగు నక్షరనిర్మాతలు పుస్తకాక్షరమును గైకొని, దాని నిలువుగీతలను బొద్దుగా నుబ్బించి, అడ్డగీతలను వెండ్రుకవలె విడిచి, బలిసిన యొక క్రొత్త యక్షరమును పుట్టించిరి. ఆ లాటరీలు 1826లో నిలిచిపోయినవి గాని, వానికొఱకు కేకలు వేసిన యక్షరములు నిలిచియే యున్నవి. ప్రదర్శనాక్షరములకు తొలి ప్రేరణ సౌందర్యపిపాస కాదు, అంగడి పోటీ యని చెప్పుటకు మేము సంకోచింపము. అందు సిగ్గుపడవలసిన దేమియు లేదు. కేక వేయుటయు నొక విద్యయే.

అయితే కేకకు తరువాత వేషము వచ్చెను. రోమను అక్షరముల గీతల చివరల అడ్డముగా నుండు చిన్న కొసను ఆంగ్లమున సెరిఫ్ అందురు. దానిని మేము పాదము అని వాడెదము. 1815-17 ప్రాంతమున విన్సెంట్ ఫిగ్గిన్స్ తన నమూనాపుస్తకమున ఆంటిక్ అను పేర నొక యక్షరమును చూపెను. దాని పాదములు గీతలంత మందముగా నుండి ఇటుకలు పేర్చినట్లు తోచును. 1816లో నాల్గవ విలియం కాజ్లన్ పాదములు బొత్తిగా లేని పెద్దక్షరములను ఒకే పరిమాణమున ముద్రించి, వానికి ఈజిప్షియన్ అని పేరు పెట్టెను. అమ్మకమునకు వచ్చిన యచ్చక్షరములలో పాదములు లేని రోమను అక్షరము అదియే మొదటిది.

ఈజిప్టునకును ఆ యక్షరమునకును సంబంధ మేమి? ఏమియు లేదు. నెపోలియను 1798లో ఈజిప్టుపై దండెత్తెను. 1799లో రొసెట్టా శిల దొరకెను. 1802లో నది బ్రిటిషు మ్యూజియమునకు చేరెను. 1812లో లండనులోని పికడిల్లీ వీథియందు ఈజిప్షియన్ హాలను ప్రదర్శనశాల వెలసెను. కుర్చీలకు, కుంపటి గూళ్లకు, నగలకు ఆ దేశపు పేరే వన్నెతెచ్చుచుండిన కాల మది. ఆ దేశపు ప్రాచీనలిపిలోని గుట్టును షాంపోలియన్ విప్పినది 1822లో. అనగా కాజ్లన్ తన యక్షరమునకు ఆ పేరిడిననాటికి ఈజిప్టువారి చిత్రలిపిలో నొక్క వాక్యమునైన సరిగా చదువగలవాడు ప్రపంచమున లేడు. చదువనేరని లిపి పేరు తమ యక్షరమునకు తగిలించి యమ్మజూపిరన్నమాట! కొలది యేండ్లలో ఆ పేరు పాదములు లేని యక్షరమును విడిచి, ఇటుక పాదముల యక్షరమును పట్టుకొనెను. ఒకని తలనుండి మఱియొకని తలకు అంత సులువుగ మారునది తలపాగయే గాని తల కాదు.

పాదములు లేని యక్షరమునకు నిజమైన ప్రేరణ వేఱొకచోట నున్నది. 1780ల దశకముననే వాస్తుశిల్పి జాన్ సోన్ తన నిర్మాణపటములమీద అట్టి యక్షరములను వ్రాసియుండెను. గ్రీకుల శాసనములలోను, రోమను ప్రజాప్రభుత్వము నాటి రాతులమీదను కానవచ్చు నిరాడంబరమైన గీతలు అతనికి ఆదర్శము. ఆడంబరము మితిమీఱిన కాలమున పురాతనుల సాదాతనమును కోరిన మనస్సు ఆ యక్షరమును కన్నది. ఆ కన్నతల్లి పేరు మఱుగుపడి, ఊరేగింపులో కలిసిన బాటసారి పేరు పైకి వచ్చినది. 1830ల యారంభమున ఫిగ్గిన్స్ దీనికి సాన్ సెరిఫ్ అనియు, విలియం థొరోగుడ్ గ్రొటెస్క్, అనగా వికృతము, అనియు పేళ్లు పెట్టిరి. ఆనాడు వికృతమనిపించుకొన్న యక్షరపు సంతతియే నేడు రైలుస్టేషనులలోను చేతి ఫోనులలోను ఆంగ్లము చదువువారి కన్నుల ముందు నిత్యము మెలగుచున్నది. క్రొత్తదానిని చూచి వికృతమని వెక్కిరించువారు ఈ యొక్క సంగతిని జ్ఞాపకముంచుకొన్న చాలును.

ఇక కొయ్యక్షరముల కథ. గోడపత్రికలకు కావలసినంత పెద్దక్షరములను సీసముతో పోతపోయుట కష్టము. బరువు మోయలేము; చల్లారునపుడు ముఖము సమముగ నుండదు; వెలయు నెక్కువ. 1827లో న్యూయార్కు నగరమున డేరియస్ వెల్స్ గిరగిర తిరుగు కత్తి గల యంత్రముతో కొయ్యదిమ్మలమీద నక్షరములు తొలుచు పద్ధతిని కనుగొని, మఱుసటి యేడు నమూనాపుస్తకము ప్రకటించెను. 1834లో విలియం లెవెన్‌వర్త్ ఆ యంత్రమునకు పాంటోగ్రాఫును జోడించెను. దానితో ఒక మూలచిత్రమును సూదితో అనుసరించుచు పోయినచో, అదే రూపము కోరిన పరిమాణమున కొయ్యమీద తొలువబడును. దీనికి మేపుల్ చెట్టు మ్రానును నిలువున గాక అడ్డముగ కోసిన దిమ్మలను వాడిరి. అట్టి ముఖము గట్టిగ నుండి సన్నని గీతలకును విఱుగదు. చెక్కుట సులభము కాగానే అలంకారములు కట్టలు తెంచుకొన్నవి. గీతల నడుమ బుడిపెలు, కొసలయందు చీలికలు, లోపల తీగలు, వెనుక నీడలు కలిగిన యక్షరములు వందలకొలది పుట్టినవి. 1880లో విస్కాన్సిన్ రాష్ట్రపు టూ రివర్స్ పట్టణమున జేమ్స్ హామిల్టన్ ఈ వ్యాపారము నారంభించి అమెరికాలో నగ్రస్థాన మందెను; ఆ యూర నిపుడు కొయ్యక్షరముల ప్రదర్శనశాల యున్నది.

ఈ యలంకారాక్షరములలో టస్కన్ అనునది మిక్కిలి ప్రసిద్ధము. దాని గీతల కొసలు రెండుగ చీలి చేపతోకవలె విడివడి యుండును. సర్కసు డేరాలమీదను, అమెరికా పడమటి దేశపు గుఱ్ఱపురౌతుల కథలమీదను దీనిని చూచి చూచి, ఇది సారాయంగళ్లలో పుట్టిన యక్షరమే యని జనులు తలంతురు. కాని దీని పూర్వరూపమును వెదకుచు పోయిన పండితులు క్రీ. శ. నాల్గవ శతాబ్దపు రోమునగరమున తేలిరి. 366 మొదలు 384 వఱకు పీఠమునందుండిన డమాసస్ పోపు, క్రైస్తవమతముకొఱకు ప్రాణములు విడిచినవారి సమాధులమీద పద్యశాసనములు వేయించెను. వానికి అక్షరములు కూర్చినవాడు ఫ్యూరియస్ డియొనీసియస్ ఫిలోకాలస్. గీతల కొసలను చీల్చి ఉంగరము చుట్టినట్లు వంచుట యితని సొత్తు. తన పేరును సైతము శాసనమున చెక్కించుకొన్నాడు. కొయ్యక్షరములు చెక్కిన ప్రతివాడు ఫిలోకాలసును ఎఱిగి యనుకరించెనని మేమనము. మృతవీరుల సమాధులమీద భక్తితో పుట్టిన వంపు, పదునైదు శతాబ్దముల పిమ్మట సర్కసు ప్రకటనమీద తేలియాడిన దనుటయే వింత. అక్షరమునకు జన్మచేత వచ్చిన వృత్తి యనునది లేదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

ఫిలోకాలసువలె పేరు మిగిలినవారు బహు స్వల్పము. రోమునగరమునందలి ట్రేజను స్తంభము క్రింద క్రీ. శ. 113 నాటి శాసనమొకటి కలదు. ఐరోపావారి పెద్దక్షరములకు అంతకంటె గొప్ప ఆదర్శము లేదని పెక్కుమంది తలంతురు. దానిని వ్రాసినవాని పేరు ఎవ్వరికిని తెలియదు. ఆ యక్షరములకు పాదములు ఉలిపని వలన ఏర్పడినవని పండితులు చాలకాలము చెప్పుచు వచ్చిరి. అమెరికాదేశస్థుడు ఎడ్వర్డ్ కాటిచ్ అను ఫాదిరి యొకడు దీనికి సమ్మతింపలేదు. అతడు పసితనమున తల్లిదండ్రులను పోగొట్టుకొని అనాథాశ్రమమున పెరిగి, అచ్చట బోర్డులు వ్రాయు పని నేర్చుకొన్నవాడు. తరువాత రోమునకు పోయి, స్తంభముమీది యక్షరములను చేతితో తడవి, అచ్చులు తీసి, తన కుంచెతో మరల మరల వ్రాసి చూచెను. బల్లపరుపు కుంచెను గీత చివర త్రిప్పి యెత్తునపుడు సహజముగనే ఆ పాదము ఏర్పడుననియు, మొదట కుంచెతో రాతిపై వ్రాసి పిమ్మటనే ఉలితో చెక్కిరనియు అతని సిద్ధాంతము. 1968లో ప్రకటించిన గ్రంథమున దీనిని విపులముగ నిరూపించెను. గ్రంథములు చదివినవారికి తట్టని రహస్యము కుంచె పట్టిన చేతికి తట్టినది. చేతిపనివానికి శాస్త్రము తెలియదని తలంచు మనబోంట్లు ఈ కథను ఇంటింట చెప్పుకొనదగును.

ఇంతవఱకు చెప్పినదానిని బట్టి ప్రదర్శనాక్షరమునకు ప్రేరణలు రెండని తేలుచున్నది. పనిముట్టును, దానిని పట్టిన చేతిని గమనించి పుట్టినది యొకటి. పరదేశపు పేరును వేషమును చూచి పుట్టినది వేఱొకటి. పరులనుండి గ్రహించుటయే దోషమని మా యభిప్రాయము కాదు. 1900లో జర్మనీలోని ఆఫెన్‌బాఖ్ పట్టణపు ఫౌండ్రీవారు ఆటో ఎక్‌మన్ రచించిన యక్షరములను పోతపోసిరి. ఎక్‌మన్ చిత్రకారుడు, జపానువారి చిత్రములను శ్రద్ధతో నభ్యసించినవాడు. అతడు కలము విడిచి కుంచె పట్టి, తామరతూడు నీటిలో వంగినట్లు ప్రతి గీతను ఒకచోట లావుగను ఒకచోట సన్నముగను నడపించెను. పారిసులో జార్జి ఓరియోల్ వ్రాసిన యక్షరములను పెన్యో ఫౌండ్రీవారు మఱుసటి సంవత్సరముననే వెలువరించిరి. అందును గీతలు ఒకదానినొకటి తాకక విడివిడిగ కుంచెపోటులై నిలుచును. వీరెవ్వరును జపాను లిపిని అనుకరింపలేదు. తాము జపానువారమని చెప్పుకొనలేదు. జపాను చిత్రకారుని చేయి కదలిన తీరును చూచి, తమ చేతికి ఆ కదలిక నేర్పుకొనిరి. ఇది శిష్యుడు గురువునుండి గ్రహించు పద్ధతి.

ఇప్పుడు రెండవ పద్ధతిని చూతము. 1883లో అమెరికాలోని క్లీవ్‌లండ్ టైపు ఫౌండ్రీవారు చైనీస్ అను పేర నొక రోమను అక్షరమును వెలువరించిరి; తరువాతి కాలమున దానికే మాండరిన్ అని పేరు వచ్చెను. అందు ప్రతి యక్షరమును కత్తిమొనలవంటి ముక్కలుగ కోసి, చీనావారి కుంచెపోటులు ఇట్లుండునని చూపబోయిరి. చీనా లేఖనమున కుంచె పట్టుటకు, ఒత్తుటకు, ఎత్తుటకు శతాబ్దముల నియమములున్నవి. బాలురు ఏండ్లతరబడి నేర్తురు. ఆ నియమములలో నొక్కటియు నీ యక్షరమున లేదు. చీనాదేశస్థుడు దీనిని చూచినచో తన లిపి పోలిక యేదియు కానడు. పాశ్చాత్యుడు మాత్రము 'ఇది చీనావారిది' అని తత్‌క్షణము గుర్తించును. ఆ రూపము చీనాను గూర్చి చెప్పుటలేదు. చీనాను గూర్చి పాశ్చాత్యుని మనస్సులోనున్న బొమ్మను చెప్పుచున్నది.

ఈ యక్షరము పుట్టిన కాలమును గూడ గమనింపవలెను. అంతకు ముందటి యేడే, 1882లో, అమెరికా ప్రభుత్వము చీనా కూలీలు తమ దేశమున నడుగుపెట్టరాదని శాసనము చేసెను. అది 1943 వఱకు రద్దుకాలేదు. మనుష్యుని వాకిటికి రానీయని దేశము అతని వేషమును గోడలమీద అతికించుకొని వినోదించినది. వేషమున కంత గిరాకి, మనుష్యునకు తావు లేదు! మన యూళ్లలో అంటరానివాని డప్పు లేనిదే ఉత్సవము సాగనీయక, డప్పు కొట్టినవానిని మాత్రము గుడిగడప ఎక్కనీయని ఆచారము చదువరులకు స్ఫురించక మానదు.

ఇందొక చిక్కు కూడ నున్నది. 1906 ఏప్రిలులో శాన్‌ఫ్రాన్సిస్కో నగరము భూకంపమునకును మంటలకును లోనై, చీనావారి పేట యంతయు బూడిదయ్యెను. వారిని నగరము వెలుపలికి పంపవలెనని కొందఱు అధికారులు యత్నించిరి. చీనా వర్తకులు కదలక, అమెరికా వాస్తుశిల్పులచేతనే తమ పేటను బౌద్ధగోపురముల వంటి కప్పులతో కట్టించి, యాత్రికులను ఆకర్షించి, తమ యునికిని కాపాడుకొనిరి. క్రమముగా ఆ దేశపు చీనా భోజనశాలల బోర్డులమీద ఈ కత్తిమొనల యక్షరము స్థిరపడినది. పరులు కుట్టిన వేషమును తామే తొడిగికొని పొట్టపోసికొనినవారిని మేము తప్పుపట్టజాలము. బ్రతుకుటకు వేఱు దారి లేనివానికి వేషము కవచమే. అయినను కవచము ఎన్నటికిని చర్మము కాదు. 2002లో ఆ దేశపు పేరుమోసిన వస్త్రవ్యాపారసంస్థ యొకటి, చీనా చాకలివారిని ఎగతాళి చేయుచు, ఇట్టి యక్షరములతోనే చొక్కాలమీద మాటలు ముద్రించి యమ్మజూపెను. ఆసియా సంతతివారైన విద్యార్థులు తీవ్రముగ నిరసింపగా వానిని అంగళ్లనుండి ఉపసంహరించుకొనవలసివచ్చెను. నూటయిరువది యేండ్లనాటి యక్షరము అప్పటికిని కఱచుట మానలేదు.

కర్త యెఱుగని వేషమును లోకమే అక్షరమునకు తొడుగుటయు కలదు. 1923లో జర్మనీలో రుడాల్ఫ్ కాఖ్ నోయ్‌లండ్ అను నక్షరమును సృజించెను. అతడు భక్తిపరుడు. కాగితముమీద ముందుగ గీసికొనక, తిన్నగ లోహముమీదనే తొలుచుచు పోయెను. అందుచేతనే ఒక పరిమాణపు యక్షరమునకును మఱొక పరిమాణపు యక్షరమునకును స్వల్పభేదము లుండును. అందలి మోటుతనము ఉలి నిజాయితీ. అమెరికా ప్రకటనకర్తలకు మాత్రము అందు అడవి కనబడినది. కాలక్రమమున ఆఫ్రికా ఖండమును గూర్చిన పుస్తకముల యట్టలమీదను, అడవిమృగముల వినోదములమీదను అది పరచుకొన్నది. 1993 నాటి జురాసిక్ పార్కు చలనచిత్రపు పేరు కూడ దాని బంధువుతోనే వ్రాయబడినది. జర్మను భక్తుని చేతిగుర్తునకును ఆఫ్రికాకును ఏమి చుట్టఱికము? మోటుగ నున్నది గనుక నల్లవారిది యను దుష్టభావన తప్ప వేఱొక లంకె లేదు. ఆ భావన యక్షరములో లేదు. చూచినవారి కంటిలో నున్నది.

అక్షరమునకు జాతి నంటగట్టుట యెంత యవివేకమో జర్మనీయే మఱొక విధముగ చూపినది. కోణములతో దట్టముగ నుండు గోథికు లిపిని జర్మనులు శతాబ్దములు తమ సొత్తుగా భావించిరి. హిట్లరు ప్రభుత్వమును మొదట దానిని జాతీయలిపిగ నెత్తుకొన్నది. 1941 జనవరి 3వ తేదీన అదే ప్రభుత్వమున మార్టిన్ బోర్మన్ ఒక యుత్తరువు వెలువరించి, అది యూదుల యక్షరమనియు, ఇకమీద వాడరాదనియు శాసించెను. ఆ యుత్తరువు కాగితము నెత్తిమీది శీర్షిక గోథికులోనే అచ్చుపడియుండెను! నిన్నటివఱకు రక్తశుద్ధికి గుర్తైన యక్షరము నేడు వెలివేయబడెను. అక్షరమున నొక్క గీతయైనను మాఱలేదు. కులగోత్రములు పుట్టుకతో వచ్చునవి కావనియు, పెత్తనము చేయువారు అంటించి తీయు చీటీలనియు ఇంత తేటగ చూపిన నిదర్శనము మఱొకటి మాకు కనబడదు.

ఇక మన సంగతి. విదేశములలోని భారతీయ భోజనశాలల బోర్డులను చూచినవారికి ఒక యక్షరము పరిచితమై యుండును: రోమను అక్షరముల నెత్తిమీద నాగరిలిపివలె నొక నిడుపాటి అడ్డగీత గీచి, అక్షరములను దానికి వ్రేలాడదీసిన రూపము. 'భారతదేశము' అని చెప్పుటకు ఆ గీత చాలునని లోకము నమ్ముచున్నది. కాని మన తెలుగులిపికి ఆ గీత లేదు; మనకున్నది తలకట్టు. ఆ బోర్డు క్రింద ఆవకాయయు పెసరట్టును వడ్డించు తెలుగువాడు సైతము తన లిపికి లేని కిరీటమును నెత్తిన పెట్టుకొని నిలుచున్నాడు. తమిళునకు, కన్నడిగునకు, మలయాళికి ఇదే గతి. పలు లిపుల దేశమును ఒక్క గీతతో చుట్టిపెట్టుటకు మనమును తోడుపడుచున్నాము. చీనావారిని గూర్చి పైన చెప్పినది మన వాకిటను నిలిచియున్నది.

తెలుగక్షరమునకు నిజమైన ప్రేరణ లేవి? ఆఱవ శతాబ్దపు కలమళ్ల శాసనము మొదలుకొని రాతిమీద ఉలి నడచినది. తాటాకుమీద గంటము నడచినది. నిడుపాటి గీతలు ఆకును చీల్చుననియే మన యక్షరములు గుండ్రదనము పొందినవని పెద్దలు చెప్పుదురు. మనలిపికి అచ్చు వచ్చిన తొలినాళ్లలో పనిముట్టును చేయియు పరదేశివే. 1746లోనే జర్మనీలోని హాలె పట్టణమున బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకములు అచ్చువేయించెను. గుణింతములును వత్తులును కలిసి మన టైపునకు వందలకొలది ముక్కలు కావలెను. ఆంగ్లమున గోడపత్రికకు ఇరువదియాఱు పెద్దక్షరములు చాలును. తెలుగున ఒక్క నగిషీ యక్షరమును పూర్తిగ పోతపోయుటకు ఆ వందల ముక్కలను అన్నిటిని చెక్కవలసివచ్చును. కావుననే ఫౌండ్రీలనుండి మనకు అలంకారాక్షరములు కొలదిగనే దొరకినవి. ఆ కొఱతయే యొక విధముగ మేలు చేసెను. మన బోర్డులు, నాటకపు పరదాలు, చలనచిత్రముల గోడపత్రికలు చిరకాలము కుంచె పట్టిన చేతిలోనే నిలిచినవి. ఆ చేతులలో ననేకముల పేళ్లు మనకు తెలియవు. ట్రేజను శాసనము వ్రాసినవాని పేరువలె నవియు పోయినవి.

తెలిసిన పేరొకటి కలదు. చిత్రకారుడు బాపు (1933-2014) చేతివ్రాత తెలుగునాట పుస్తకముల యట్టలమీదను, శుభలేఖలమీదను, చలనచిత్రముల పేళ్లమీదను వ్యాపించి, చూచినంతనే గుర్తింపదగినదై, ఆయన పేరిటనే వ్యవహరింపబడినది. ఫ్రాన్సులో రోజే ఎక్స్‌కొఫోన్ 1953లో తన చేతివ్రాతనే మిస్త్రాల్ అను అచ్చక్షరముగ పోతపోయించెను. ఈ యిరువురును వేఱొక జాతి వేషమును వెదకలేదు. తమ భాషను తమ చేతితో వ్రాయునపుడు పుట్టిన లయయే వారికి ప్రేరణ. అందులకే వారి యక్షరములు చూచువానికి చేయి కనబడును, వేషము కనబడదు.

ఇప్పుడు సీసమును కొయ్యయు నక్కఱలేదు. కంప్యూటరుమీద అక్షరము గీచుటకు ఓర్పు గల మనుష్యుడొకడున్న చాలును. 2010 తరువాతి సంవత్సరములలో సిలికానాంధ్ర సంస్థవారు కృష్ణదేవరాయలు, పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడ మొదలగువారి పేళ్లతో అనేక తెలుగు ఫాంటులను ఉచితముగ లోకమున కిచ్చిరి. వానిలో కొన్ని శీర్షికలకే యుద్దేశింపబడినవి. ఇది కొనియాడదగిన పని. ఈజిప్టు కథ విన్న చదువరులు ఒక్క సంగతి మఱువరాదు: పేరు పెట్టుట గౌరవసూచకము, అది రూపమునకు పుట్టుక చెప్పదు. పెద్దన పేరుగల యక్షరమును చూచి పెద్దన ఇట్లే వ్రాసెనని మన పిల్లలు తలంపరాదు. ఆ కాలపు శాసనముల నకళ్లను, తాళపత్రములను వారికి చూపి, గంటము ఎచ్చట తిరిగినదో ఉలి ఎచ్చట ఆగినదో గుర్తింపజేయుట మన యింటి పెద్దల పని.

మేము గృహస్థులను కోరున దిది. రేపు మీ యింట శుభకార్యమునకు అక్షరము నెన్నుకొనునపుడును, మీ యంగడికి బోర్డు వ్రాయించునపుడును, ఒక్క నిముసమాగి అడుగుడు: ఈ రూపము ఏ చేతినుండి వచ్చినది? ఆ చేతిపనిని గౌరవించి నేర్చినదా, లేక దూరమునుండి చూచి వెక్కిరించినదా? మీ వీథిలో బోర్డులు వ్రాయు ముసలి పెయింటరు ఇంక నుండినచో, పిల్లలను వెంటబెట్టుకొని పోయి అతడు తలకట్టును ఎట్లు త్రిప్పునో చూపుడు. అతని పేరు అడిగి తెలిసికొనుడు. వేషము చూచి మనుష్యుని కొలచు నలవాటు ఒక్కనాట పోవునది కాదు. బోర్డుమీది అక్షరమును చూచునపుడైనను దాని వెనుకనున్న చేతిని తలచుకొనుట నేర్చినచో, ఆ యలవాటునకు ఒక వేరు తెగినట్లే.